బాలల మానసిక ఆరోగ్య సేవలు: భారతదేశంలో సిబ్బంది శిక్షణ

పిల్లలకు మానసిక వైద్యం చేసేవారిని, రోజూ పిల్లల మధ్య పనిచేసేవారిని ఆ బాధ్యతకు తగినట్టు సిద్ధం చేయడమే బాలల మానసిక ఆరోగ్య సిబ్బంది శిక్షణ. పిల్లల సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల వంటి నిపుణులతో పాటు బడి టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, హాస్టల్ వార్డెన్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు కూడా దీని పరిధిలోకి వస్తారు. మనదేశంలో లక్షలాది పిల్లలకు సాయం అందకపోవడానికి ఒక ముఖ్య కారణం, ఆ సాయం చేయడం తెలిసినవారు చాలినంత మంది లేకపోవడం. ఈ కొరతను పూడ్చడానికి దశాబ్దాలుగా జరుగుతున్న ప్రయత్నాల నుంచి తేలిన పాఠం ఒకటుంది. శిక్షణ పొందినవారి సంఖ్య పెరిగినంత మాత్రాన సేవ మెరుగుపడదు. శిక్షణ తర్వాత అభ్యాసానికి అవకాశం, పర్యవేక్షణ, చేతిలో తగినంత సమయం, పైన నిపుణుల అండ ఉన్నచోటే అది పిల్లల దాకా చేరుతుంది.

సమస్య పరిమాణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలు ఉన్నట్టు తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు నమోదైంది.

ఇంత అవసరం ఉండగా నిపుణులు చాలా తక్కువ. ఆ సర్వే జరిగిన నాటికి దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. పిల్లల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు అందులో మరీ కొద్దిమంది.

పైగా పిల్లల్లో బాధ పెద్దవాళ్లలో కనిపించినట్టు కనిపించదు. దిగులుగా ఉన్న పిల్లవాడు దిగులుగా ఉందని చెప్పడు. కడుపునొప్పి అంటాడు, తలనొప్పి అంటాడు, బడికి వెళ్లనని మొండికేస్తాడు. మార్కులు తగ్గుతాయి, చిన్నమాటకే కోపం వస్తుంది, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. రెండేళ్లు దాటినా పిలిస్తే పలకని బిడ్డను మొదట గమనించేది తల్లి, ఆ తర్వాత అంగన్‌వాడీ టీచర్. తొమ్మిదో తరగతిలో ఉన్నట్టుండి మాట తగ్గించిన అమ్మాయిని గమనించేది క్లాస్ టీచర్. ఈ మార్పులు సైకియాట్రిస్టు కంటపడేసరికి తరచూ ఏళ్లు గడిచిపోతాయి. అందుకే నిపుణుల సంఖ్య పెంచడంతో పాటు, పిల్లల దగ్గర ఇప్పటికే ఉన్న పెద్దలకు ఈ విద్య నేర్పడం తప్పనిసరి అవుతోంది.

చారిత్రక నేపథ్యం

పిల్లల ప్రవర్తన సమస్యలను డాక్టర్, సైకాలజిస్టు, సోషల్ వర్కర్ కలిసి ఒక జట్టుగా పరిశీలించే పద్ధతి అమెరికాలోని షికాగోలో 1909లో విలియం హీలీ నెలకొల్పిన సంస్థతో రూపుదిద్దుకుంది. ఆ నమూనాలోనే మనదేశంలో 1937లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ అనుబంధంగా చైల్డ్ గైడెన్స్ క్లినిక్ మొదలైంది. సోషల్ వర్క్ విద్యార్థులకు అది శిక్షణ కేంద్రం కూడా. పిల్లలకు సేవ, సిబ్బందికి శిక్షణ ఒకే చోట సాగడం ఇక్కడ మొదటి నుంచీ ఉంది.

బెంగళూరులో 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో నిమ్హాన్స్‌గా మారింది. 1970ల్లో నిమ్హాన్స్ బెంగళూరు శివారులోని సకలవారలోనూ, చండీగఢ్ పీజీఐ హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలోనూ గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇచ్చి చూశాయి. నిపుణులు కానివారు కూడా రోగాన్ని గుర్తించగలరని, రోగిని అంటిపెట్టుకుని చూసుకోగలరని ఆ ప్రయోగాలు చూపాయి. వాటి పునాదిపైనే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. కర్ణాటకలోని బళ్లారి జిల్లా అనుభవం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. అయితే వీటి దృష్టి ప్రధానంగా పెద్దవారి తీవ్ర రుగ్మతల మీదే నిలిచింది. బడుల్లో జీవన నైపుణ్యాల బోధన, కౌన్సెలింగ్ వంటి అంశాలు తర్వాతి కాలంలో చేరాయి.

ఈ రంగంలో పనిచేసేవారిని ఒక వేదిక మీదికి తెచ్చిన భారతీయ బాల, కౌమార మానసిక ఆరోగ్య సంఘం 1991లో ఏర్పడింది. 2010 దశకం ఆరంభంలో నిమ్హాన్స్ బాల, కౌమార సైకియాట్రీలో డీఎం కోర్సు మొదలుపెట్టింది. దాంతో పిల్లల మానసిక వైద్యం మనదేశంలో సూపర్ స్పెషాలిటీగా గుర్తింపు పొందింది.

సిబ్బంది అంచెలు, వారి శిక్షణ

సేవలను నాలుగు అంచెలుగా చూడవచ్చు. ఒక్కో అంచెలో ఉన్నవారికి కావలసిన శిక్షణ ఒక్కో తీరుగా ఉంటుంది.

*బడి, అంగన్‌వాడీ, హాస్టల్.* ఇక్కడివారి పని గుర్తించడం, వినడం, పైకి పంపడం. రోగ నిర్ధారణ వారి పని కాదు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడి నుంచి ఇద్దరు టీచర్లను, వీలైనంత వరకు ఒక పురుషుణ్ణి, ఒక స్త్రీని, ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దాలని చెబుతుంది. అందులోని 11 అంశాల్లో భావోద్వేగ, మానసిక ఆరోగ్యం ఒకటి. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కౌమార వయస్కులనే తోటివారికి సలహాదారులుగా తయారుచేసే ప్రయత్నం చేసింది.

*ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ.* పీహెచ్‌సీ డాక్టర్, స్టాఫ్ నర్సు, గ్రామస్థాయి క్లినిక్‌లలో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీలు), ఏఎన్‌ఎంలు ఈ అంచెలో ఉంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో సంచార బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు, బడులను ఒకసారి సందర్శించి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదలలో జాప్యాన్ని గుర్తించడం వారి బాధ్యత. అలా గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతారు.

*జిల్లా బృందం.* జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. వీరు చికిత్స చేయడంతో పాటు కింది అంచెల వారికి శిక్షకులుగా, సలహాదారులుగా ఉండవలసినవారు. ఈ పోస్టులు ఖాళీగా ఉంటే కింది అంచెల శిక్షణ అంతా అండ లేకుండా పోతుంది.

*బోధనాసుపత్రులు, జాతీయ సంస్థలు.* నిపుణులను తయారుచేయడం, పాఠ్యాంశాలు రూపొందించడం, క్లిష్టమైన కేసులను చూడడం వీటి పని. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ సహకారంతో నిమ్హాన్స్ నడుపుతున్న సంవాద్, బాలల సంరక్షణ గృహాల సిబ్బందికి, బాలల సంక్షేమ కమిటీలకు, న్యాయవ్యవస్థలో పిల్లల కేసులు చూసేవారికి శిక్షణ ఇస్తోంది. అనాథలు, హింసకు గురైన పిల్లలు, చట్టంతో ఘర్షణ పడిన పిల్లల మధ్య పనిచేసేవారికి ఈ శిక్షణ ఎంతో అవసరం.

శిక్షణలో నేర్పవలసినవి

మంచి శిక్షణ పిల్లల ఎదుగుదలతో మొదలవుతుంది. ఏ వయసులో ఏది సహజమో తెలియనివారికి ఏది అసహజమో తెలియదు. మూడేళ్ల పిల్లవాడు కింద పడి దొర్లి ఏడవడం, పదమూడేళ్ల అమ్మాయి తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోవడం వాటంతటవే జబ్బులు కావు. ఎన్నాళ్లుగా సాగుతోంది, ఎంత తీవ్రంగా ఉంది, చదువుకు, నిద్రకు, ఆటకు, స్నేహానికి ఎంత అడ్డొస్తోంది అనే మూడు ప్రశ్నలతో తేడా పట్టుకోవడం నేర్పాలి.

రెండోది వినడం. పైకి తేలిగ్గా కనిపించే ఈ విద్యే అన్నిటికన్నా కష్టమైనది. శిక్షణ తరగతుల్లో దీన్ని పాత్రాభినయంతో నేర్పుతారు. ఉదాహరణకు ఒక టీచర్ తొమ్మిదో తరగతి అమ్మాయిగా నటిస్తారు. ప్రతి సోమవారం కడుపునొప్పి అంటూ స్టాఫ్ రూముకు వస్తుంది. ఎదుటి టీచర్ మొదటిసారి సాధారణంగా ఇలా అంటారు: “ఏమ్మా, మళ్లీ కడుపునొప్పేనా? పరీక్షలంటే భయమా? ఈ వయసులో అందరికీ ఉండేదే, ధైర్యంగా ఉండాలి.” అమ్మాయి తలూపి వెళ్లిపోతుంది. సంభాషణ ముగిసింది, విషయం బయటికి రాలేదు. శిక్షకులు అక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టిస్తారు. “సోమవారం సోమవారం నొప్పి వస్తోందంటున్నావు. ఆదివారం రాత్రి ఎలా ఉంటుందమ్మా?” “నిద్ర పట్టదు మేడమ్.” “నిద్ర పట్టనప్పుడు ఏం గుర్తొస్తుంటుంది?” ఈసారి అమ్మాయి మాట్లాడుతుంది. మొదటి సంభాషణలోనూ ప్రేమ ఉంది. తేడా అల్లా, రెండోదాంట్లో సలహాకు ముందు ప్రశ్న వచ్చింది, ప్రశ్న తర్వాత మౌనం పాటించడం జరిగింది. ఈ తేడా ఉపన్యాసంతో రాదు. నలుగురి ముందు చేసి, తప్పు దిద్దించుకుని, మళ్లీ చేస్తేనే వస్తుంది.

మూడోది, కౌమార వయస్కులతో మాట్లాడేటప్పుడు ఒక క్రమం. ముందు ఇల్లు, తర్వాత చదువు, ఆటపాటలు, స్నేహాలు, ఆపైన మత్తు పదార్థాలు, లైంగిక విషయాలు, చివరికి దిగులు, ఆత్మహత్య ఆలోచనలు. తేలికైన విషయాల నుంచి బరువైన వాటికి వెళ్లే ఈ వరస ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం టీచర్లలో, డాక్టర్లలో కూడా ఎక్కువ. పరిశోధనలు ఈ భయాన్ని సమర్థించడం లేదు. “బతకాలని లేదనిపించిందా?” అని నెమ్మదిగా, సూటిగా అడగడం, అవునంటే పిల్లను ఒంటరిగా వదలకుండా ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండడం శిక్షణలో అభ్యాసం చేయించవలసిన విషయాలు.

నాలుగోది చట్టం. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. కాబట్టి “నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను” అని పిల్లలకు మాట ఇవ్వకూడదు. “నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నీకు చెప్పే, సాయం చేయగలవారికి చెబుతాను” అని ముందే చెప్పడం నేర్పాలి. ఈ ఒక్క వాక్యం సరిగా చెప్పలేక పిల్లల నమ్మకాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

తల్లిదండ్రులతో మాట్లాడడం ఐదోది. “మీ పిల్లవాడికి పిచ్చి” అన్నట్టు వినబడితే ఆ ఇంటి తలుపు మూసుకుపోతుంది. చూసినదాన్ని చూసినట్టు చెప్పడం, పిల్లవాడిలోని మంచితో మొదలుపెట్టడం, తర్వాత ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసి ఇవ్వడం కూడా శిక్షణలో భాగమే.

శిక్షణ పద్ధతులు

ప్రభుత్వ శాఖల్లో ఎక్కువగా కనిపించేది అంచెలంచెల శిక్షణ. రాష్ట్రస్థాయిలో కొందరు రిసోర్స్ పర్సన్లను (ఆర్‌పీలను) తయారుచేస్తే వారు జిల్లా ఆర్‌పీలకు, వారు మండల ఆర్‌పీలకు, వారు టీచర్లకు చెబుతారు. తక్కువ కాలంలో ఎక్కువ మందిని చేరడం దీని బలం. ఒక్కో మెట్టు దిగేకొద్దీ పాత్రాభినయం తగ్గి పవర్‌పాయింట్ పెరగడం దీని బలహీనత. సమాచారం కింది దాకా చేరుతుంది గానీ నైపుణ్యం దారిలోనే జారిపోతుంది.

చికిత్సకుల శిక్షణపై జరిగిన సమీక్షలు ఒక విషయం పదేపదే చెప్పాయి. ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్ జ్ఞానాన్ని, ఉత్సాహాన్ని పెంచుతుంది, రోజువారీ పనిలో మార్పును మాత్రం నిలబెట్టదు. ఆ తర్వాత నెలల తరబడి సాగే పర్యవేక్షణ ఉంటేనే మార్పు నిలుస్తుంది. ఇక్కడ పర్యవేక్షణ అంటే తనిఖీ కాదు. చేసిన పనిని అనుభవజ్ఞుల ముందు పెట్టి, ఎక్కడ ఆగిపోయామో మాట్లాడుకుని, తర్వాతి అడుగు తేల్చుకోవడం.

దీన్ని సాధ్యం చేసే పద్ధతులు మూడు. మొదటిది గురువు దగ్గర పని నేర్చుకునే తీరు. కొత్తగా నేర్చినవారు మొదట కొద్దిమంది పిల్లలతోనే, వారంవారం పర్యవేక్షణలో పనిచేస్తారు. సమర్థత రుజువయ్యాకే సంఖ్య పెంచుతారు. రెండోది వీడియో ద్వారా కేసుల చర్చ. అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ఎకో పద్ధతిని నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య రంగంలో వాడుతోంది. మూడోది సామర్థ్యాన్ని నేరుగా పరీక్షించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి రూపొందించిన ఈక్విప్ వేదికలో, పిల్లలతో పనిచేసేవారు పాత్రాభినయంలో ఎలా మాట్లాడుతున్నారో చూసి అంచనా వేసే సాధనాలున్నాయి. మేలు చేసే మాటలతో పాటు హాని చేసే మాటలను కూడా వాటిలో గుర్తిస్తారు.

సాధారణ డాక్టర్లు, నర్సుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రారంభించిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమపు చికిత్సా మార్గదర్శిని 2010లో, దాని రెండో కూర్పు 2016లో వచ్చాయి. పిల్లల ఎదుగుదల, ప్రవర్తన, భావోద్వేగ సమస్యలకు అందులో ప్రత్యేక అధ్యాయం ఉంది.

పరిశోధనలు చెప్పినవి

సిబ్బంది శిక్షణపై మనదేశంలో జరిగిన ముఖ్యమైన అధ్యయనాల్లో ఒకటి బిహార్‌లోని నలందా జిల్లాలో జరిగింది. 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఈ సెహర్ అధ్యయనంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు గుంపులుగా విభజించారు. ఒక గుంపులో శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్, మరో గుంపులో శిక్షణ పొందిన టీచర్ ఒకే కార్యక్రమాన్ని నడిపారు. గోడపత్రిక, పిల్లలు తమ ఇబ్బందులు రాసి వేసే పెట్టె, నెలనెలా చర్చలు, విడిగా కౌన్సెలింగ్ అందులో ఉన్నాయి. మూడో గుంపులో మామూలు జీవన నైపుణ్యాల బోధన మాత్రమే. కౌన్సెలర్ నడిపిన బడుల్లో వాతావరణం గణనీయంగా మెరుగుపడింది, పిల్లల్లో దిగులు, వేధింపులు, హింస తగ్గాయి. టీచర్ నడిపిన బడుల్లో అటువంటి ఫలితం కనబడలేదు. కార్యక్రమం ఒకటే, నడిపినవారే వేరు. పాఠాలు, పరీక్షలు, ఇతర డ్యూటీల మధ్య టీచర్ చేతిలో మిగిలే సమయం తక్కువ. పైగా మార్కులు వేసే మనిషికి, బెత్తం పట్టే మనిషికి పిల్లలు మనసు విప్పడం కష్టం. ఈ పని కోసమే ఉన్న మనిషికి ఇచ్చిన శిక్షణ ఎక్కువ ఫలిస్తుందని ఈ అధ్యయనాన్ని బట్టి అర్థమవుతుంది.

గోవాలో 1996లో ఏర్పడిన సంగత్ సంస్థ ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో మరో ప్రయోగం చేసింది. మానసిక ఆరోగ్యంలో వృత్తి విద్య లేని పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి, సమస్యను విడగొట్టి పరిష్కారం వెతికే పద్ధతిని పిల్లలకు నేర్పించారు. మూడు వారాల్లో నాలుగైదు సార్లు, ఒక్కోసారి అరగంట లోపు కలిసేవారు. 2020లో వెలువడిన ఫలితాల్లో, కేవలం పుస్తకాలు ఇచ్చిన పిల్లలతో పోలిస్తే వీరు స్వయంగా చెప్పుకున్న సమస్యల తీవ్రత తగ్గింది. ఆరు వారాల దగ్గర కొలిచిన మానసిక లక్షణాల్లో మాత్రం అంత స్పష్టమైన తేడా రాలేదు. కొద్దిపాటి శిక్షణతో ఏం సాధ్యమో, దాని హద్దు ఎక్కడో రెండూ ఈ అధ్యయనంలో కనిపిస్తాయి.

ఆటిజం విషయంలో గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన పాస్ అధ్యయనం 2016లో వెలువడింది. నిపుణులు కాని కార్యకర్తలు ఇంటికి వెళ్లి, తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, దాన్ని తల్లికి చూపిస్తూ బిడ్డ సంకేతాలకు ఎలా స్పందించాలో మాట్లాడేవారు. తల్లిదండ్రులు బిడ్డతో మెలిగే తీరు దీనితో మెరుగుపడింది. జాంబియా రాజధాని లుసాకాలో శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లు హింసకు గురైన, ఆప్తులను కోల్పోయిన పిల్లలకు చికిత్స అందించి మంచి ఫలితాలు సాధించారు. ఈ ప్రయోగాలన్నిటిలో కార్యకర్తల వెనుక క్రమం తప్పని పర్యవేక్షణ ఉంది.

ఇతర దేశాల అనుభవం

ఇంగ్లండ్ 2017లో ప్రకటించిన విధానపత్రం తర్వాత, బడుల కోసం మానసిక ఆరోగ్య సహాయ బృందాలను ఏర్పాటు చేసింది. వాటిలో పనిచేయడానికి ఏడాది కోర్సుతో ఒక కొత్త ఉద్యోగాన్నే సృష్టించింది. ఆ ఉద్యోగి స్వల్ప, మధ్యస్థ స్థాయి ఆందోళన, దిగులు ఉన్న పిల్లలను చూస్తారు, అంతకు మించిన వారిని పైకి పంపుతారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2004 నుంచి పిల్లల డాక్టర్లకు ఫోన్‌లో చైల్డ్ సైకియాట్రిస్టు సలహా అందించే ఏర్పాటు నడుస్తోంది. పిల్లవాడు డాక్టర్ ఎదుట ఉన్న రోజే సలహా దొరకడం వల్ల ప్రతి ఫోన్ సంభాషణా డాక్టర్‌కు శిక్షణ అవుతుంది. ఈ రెండు ఏర్పాట్లలోనూ ఎవరి పని ఎక్కడ ముగిసి, మరొకరి పని ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా ఉంది.

చట్టాలు, న్యాయస్థానాలు

2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్, మానసిక ఆరోగ్య నిపుణులను తయారుచేయడం, ప్రభుత్వ డాక్టర్లకు ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. జనాభాకు తగినంత మంది నిపుణులు ఉండేలా అంతర్జాతీయ ప్రమాణాలను పదేళ్లలో అందుకోవడానికి కృషి చేయాలని కూడా చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, అభ్యసన లోపాలను గుర్తించింది. సైకాలజిస్టులు, బిహేవియరల్ కౌన్సెలర్ల వంటి వృత్తులను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది. వారాంతపు కోర్సులతో కౌన్సెలర్ బోర్డు పెట్టుకునే ధోరణికి అడ్డుకట్ట వేయాలంటే ఈ చట్టం గట్టిగా అమలుకావాలి.

2022లో వచ్చిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటి విద్యాసంస్థలకు వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సంకేతాల గుర్తింపు, పైకి పంపే పద్ధతులపై శిక్షణ ఇవ్వాలి. బోధనేతర సిబ్బందిని చేర్చడం ఇందులో ముఖ్యమైన అంశం. హాస్టల్లో రాత్రి పూట పిల్లల ఏడుపు వినబడేది వాచ్‌మన్‌కు, ఆయాకు, మెస్‌లో వడ్డించేవారికి.

తెలుగు రాష్ట్రాల్లో

సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో ఏర్పడింది. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ పేరుతో నడుస్తోంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులను, పునరావాస నిపుణులను తయారుచేయడంలో దేశానికే ఇది పెద్ద కేంద్రం. ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి దేశమంతటా వాడుతున్న 40 అంశాల భారతీయ కొలబద్దను రూపొందించింది ఈ సంస్థే. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల సైకియాట్రీ పీజీ విద్యార్థులకు శిక్షణ కేంద్రాలు.

ఈ రెండు రాష్ట్రాల ప్రత్యేకత రెసిడెన్షియల్ చదువులు. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ హాస్టళ్లు, కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో లక్షలాది పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా ఉంటున్నారు. ఇంటర్ ఫలితాలు వెలువడే రోజులు ఏటా ఆందోళన రేపుతున్నాయి. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల మరణాలు రాష్ట్రాన్ని కదిలించాయి. హాస్టల్లో ఉండే పిల్లలకు అమ్మానాన్నల స్థానంలో ఉన్నది వార్డెన్, కేర్‌టేకర్. శిక్షణ ప్రణాళికల్లో వారి పేరు ముందు వరుసలో ఉండాలి.

రెండు రాష్ట్రాల్లోనూ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు, ఆరోగ్య శాఖలో ఆశాల నెలవారీ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో ఒక గంటను పిల్లల కేసుల చర్చకు కేటాయించి, జిల్లా సైకాలజిస్టు స్వయంగానో వీడియోలోనో పాల్గొంటే, విడిగా కొత్త వ్యవస్థ కట్టకుండానే పర్యవేక్షణ మొదలవుతుంది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 తెలుగులోనూ పనిచేస్తోంది. పిల్లలు, తల్లిదండ్రులతో పాటు, ఒక విద్యార్థి విషయంలో ఏం చేయాలో తోచని టీచర్లు కూడా దీనికి ఫోన్ చేయవచ్చు.

ఫలితాన్ని కొలవడం

శిక్షణ కార్యక్రమాల నివేదికల్లో సాధారణంగా కనిపించేవి ఎన్ని బ్యాచులు, ఎందరు హాజరు, ఎంత ఖర్చు అనే అంకెలు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి: హాజరైనవారికి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం వచ్చిందా. మన లెక్కలు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. శిక్షణ జరిగిన ఆరు నెలల్లో ఆ బడి నుంచి ఎందరు పిల్లలను పైకి పంపారు? వారిలో ఎందరు ఆసుపత్రికి నిజంగా చేరారు? ఎన్ని రోజులకు చేరారు? తిరిగి బడికి వస్తున్నారా? సాయం అందిందని ఆ పిల్లలు అనుకుంటున్నారా?

సిబ్బంది క్షేమం కూడా లెక్కలోకి రావాలి. పిల్లల బాధ రోజూ వినేవారి మీద ఆ బరువు పడుతుంది. సర్వేలు, యాప్‌లు, ఎన్నికల డ్యూటీల మధ్య ఉన్న టీచర్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు, గౌరవ వేతనంతో నెట్టుకొచ్చే ఆశా కార్యకర్తకు మరో బాధ్యత అప్పగించినప్పుడు, పాత బాధ్యత ఒకటి తగ్గించకపోతే కొత్తది కాగితం మీదే ఉంటుంది. కాంట్రాక్టు పద్ధతిలో చేరిన కౌన్సెలర్లు ఏడాదిలో వెళ్లిపోతే వారికి ఇచ్చిన శిక్షణా వారితోనే పోతుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పెట్టిన పదేళ్ల గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. ఆ లోగా దేశానికి కావలసినంత మంది పిల్లల సైకియాట్రిస్టులు తయారుకావడం సాధ్యం కాదు. ప్రతి హాస్టల్లో పిల్లల మాట వినడం నేర్చిన ఒక పెద్ద, ప్రతి మండలంలో వారికి సలహా ఇవ్వగల ఒక కౌన్సెలర్, ప్రతి జిల్లాలో పోస్టులన్నీ నిండిన ఒక బృందం ఉండేలా చూడడం మాత్రం సాధ్యమే. అందుకు అవసరమైన జ్ఞానం, చట్టం, సంస్థలు మనకు ఇప్పటికే ఉన్నాయి. నియామకాలు జరపడం, శిక్షణ పొందినవారికి సమయం ఇవ్వడం, వారిని ఒంటరిగా వదలకపోవడం ప్రభుత్వాలు, విద్యాసంస్థలు వెంటనే చేయవలసిన పనులు.